మందకు ఖనిజాలు: గాడిలోనా, నేలలోనా?

రైతు: మేసే పశువుకు కాల్షియమైనా, భాస్వరమైనా, రాగి, జింకు, కోబాల్టు లాంటి సూక్ష్మ ఖనిజాలైనా మొదట అందేది గడ్డి నుంచి, గడ్డికి అందేది నేల నుంచి. తిన్నదాంట్లో పశువు ఒంట్లో నిలిచేదీ, పాలలో పోయేదీ కొంతే. మిగిలిన భాస్వరం పేడలో, పొటాషియంలో ఎక్కువ భాగం మూత్రంలో తిరిగి నేలకే చేరుతుంది. పశువులో లోపం కనిపించిందంటే ఈ తిరుగుడు ఎక్కడో తెగిందన్నమాట. పొలం నుంచి వరిగడ్డి వెళ్లిపోతుంది, పేడ పిడకలై పొయ్యిలోకి పోతుంది, పాలు ఊరు దాటిపోతాయి. నేలకు మాత్రం యూరియా, డీఏపీ తప్ప తిరిగి వచ్చేది లేదు. నేలను అలాగే వదిలేసి సంచిలోని ఖనిజ మిశ్రమం పొడిని దాణాలో కలుపుతూ పోతే లోపం ఏటా కొత్తగా పుడుతూనే ఉంటుంది. చెరువు మట్టి తోలినా, గొర్రెల మంద కట్టించినా, జిప్సం వేసినా, గట్ల మీద అవిశ, మునగ పెంచినా వేసేది నేలకే గానీ చివరికి అందేది పశువుకు.

వైద్యుడు: తిరుగుడు ఉన్నమాట నిజం. ఒకప్పుడు అది నిండుగా సాగిందనీ, మనిషి చేతుల్లోనే తెగిందనీ అనుకోవడం దగ్గరే చిక్కు. చాలా నేలలు పుట్టుకతోనే ఏదో ఒక ఖనిజానికి పేదవి. దక్షిణాఫ్రికాలో వ్రైబర్గ్ పట్టణం దగ్గరి పచ్చిక బయళ్లకు డీఏపీ తెలియదు, పిడకలు తెలియవు. అయినా అక్కడి పశువులు చచ్చిన పశువుల ఎముకలు వెతుక్కుని నమిలేవి, పచ్చికలో భాస్వరం చాలక. ఆ ఎముకలకు అంటుకున్న కుళ్లు మాంసంలో బొటులినం విషం ఉండేది. నమిలిన పశువులు కాళ్లు పడిపోయి చచ్చేవి. ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్య శాస్త్రవేత్త 1919 తర్వాత ఆర్మోడ్స్‌ఫ్లాక్టె క్షేత్రంలో పశువులకు శుద్ధి చేసిన ఎముకల పొడి పెట్టి చూపించాడు: భాస్వరం అందగానే పశువులు ఎముకల జోలికి పోవడం తగ్గింది, పైగా ఒళ్లు చేశాయి. మన ఊళ్లలో గేదె గోడ నాకుతోందనీ, మట్టి తింటోందనీ, పాత గుడ్డలు నములుతోందనీ అనుకునేది కూడా నట్టల వల్ల కాకపోతే చాలాసార్లు ఈ లోపమే.

రైతు: థైలర్ పెట్టింది ఎముకల పొడే కదా. పశువు ఒంటి నుంచి వచ్చినదాన్నే పశువుకు తిరిగిచ్చాడు. అంతకంటే సహజమైన ఖనిజం ఏముంటుంది?

వైద్యుడు: ఆ సహజమైన ఖనిజాన్నే ఇప్పుడు నెమరువేసే పశువులకు పెట్టకూడదంటున్నారు. బ్రిటన్‌లో 1986లో బయటపడ్డ పిచ్చి ఆవు వ్యాధి మాంసం, ఎముకల పొడి కలిపిన దాణా ద్వారానే పాకింది. 1988లో అక్కడ దాన్ని నిషేధించారు, తర్వాత చాలా దేశాలు అదే దారి పట్టాయి. సరిగా ఉడికించని ఎముకల పొడిలో దొమ్మ రోగపు బీజాలు ఏళ్ల తరబడి బతికుంటాయి. రాయలసీమలో గొర్రెలకు ఈ రోగం కొత్తది కాదు. ఒక పదార్థం సహజంగా దొరికిందన్నంత మాత్రాన అది నిరపాయమని చెప్పలేం. ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా శుద్ధి అయింది, అందులో ఇంకేమున్నాయి అని అడగాల్సిందే.

రైతు: అడగాల్సిందే, ఫ్యాక్టరీ నుంచి వచ్చినదాన్ని కూడా. అసలు చిక్కు అక్కడ కాదు. ఖనిజ లోపం అంటూ చూపించే లెక్కలన్నీ కట్టేసి వరిగడ్డి మేపే పశువువి. మేసే పశువు వేరు. చెరువు కట్ట మీద, పోడు గట్ల వెంట, గుట్ట వాలులో తిరిగే మంద ఒక పూటలోనే పదుల రకాల గడ్డి, తీగ, ఆకు కొరుకుతుంది. జమ్మి, నల్లతుమ్మ, రేగు వేళ్లు గడ్డి వేళ్లు చేరలేని లోతుకు దిగి కాల్షియాన్ని పైకి తెస్తాయి. వేరుశనగ కట్టెలో కాల్షియం వరిగడ్డిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎండాకాలంలో రాలే తుమ్మకాయలు గొర్రెకూ మేకకూ దాణాతో సమానం. ఇంత రకరకాల మేత తినే పశువుకు ఒకే సంచిలో పన్నెండు ఖనిజాలు లెక్కకట్టి పెట్టడమంటే అది ఏం తింటోందో చూడకుండా మందివ్వడమే.

వైద్యుడు: ఆ వాదనలో సగం ఒప్పుకోక తప్పదు. మేతలో రకాలు పెరిగితే లోపాలు తగ్గుతాయి. మిగతా సగానికి లెక్క అడ్డం వస్తుంది. ఆవు పాలలో లీటరుకు సుమారు 1.2 గ్రాముల కాల్షియం, 0.9 గ్రాముల భాస్వరం ఉంటాయి. గేదె పాలలో ఇంకా ఎక్కువ. పది లీటర్లిచ్చే ఆవు పాలలోనే రోజుకు 12 గ్రాముల కాల్షియం, 9 గ్రాముల భాస్వరం పోగొట్టుకుంటుంది. దాని సొంత ఒంటికీ, కడుపులోని దూడకూ కావాల్సింది వేరే. అది ఆరు కిలోల వరిగడ్డి తింటే లోపలికి వెళ్లే భాస్వరం ఐదారు గ్రాములు. కాల్షియం కాగితం మీద పదిహేను గ్రాముల దాకా కనిపించినా, వరిగడ్డిలోని ఆక్సలేట్లు దాన్ని పట్టేసుకుంటాయి, చాలా భాగం పేడలోకే పోతుంది. చెట్ల ఆకు కాల్షియాన్ని ఇస్తుంది గానీ భాస్వరాన్ని ఇవ్వదు. పైగా మార్చి నుంచి జూన్ దాకా ఆ పదుల రకాల గడ్డి ఎక్కడుంటుంది? ఎండిన గడ్డిలో భాస్వరం పచ్చిగడ్డిలో ఉన్నదాంట్లో కొంతే. రెండు లీటర్లిచ్చే నాటు ఆవుకు చెరువు కట్ట సరిపోవచ్చు. పది లీటర్లు పిండుతూ చెరువు కట్ట మీదే వదిలేస్తే తేడా దాని ఎముకల్లోంచి వస్తుంది. ఈనిన మర్నాడే పాల జ్వరంతో పడిపోయే ఆవు ఆ తేడాను ఒక్కరోజులో చూపిస్తుంది. ఎదకు రాని పెయ్య, ఎన్నిసార్లు కట్టించినా చూడి నిలవని గేదె ఏళ్ల తరబడి చూపిస్తాయి.

రైతు: భాస్వరం సంగతే తీసుకుంటే తవుడు ఉంది. రెండు కిలోల తవుడులో ఇరవై గ్రాములకు మించి భాస్వరం ఉంటుంది. కోడికి ఆ భాస్వరం సరిగా అందదు. నెమరువేసే పశువుకు అందుతుంది, దాని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు భాస్వరాన్ని పట్టి ఉంచే ఫైటేట్‌ను విడగొట్టగలవు. కాల్షియం తగ్గితే సున్నపురాయి పొడి ఉంది, అందులో మూడో వంతుకు పైగా కాల్షియమే. పల్నాడు, నంద్యాల ప్రాంతాల్లో సున్నపురాయికి కొదవ లేదు. ఉప్పు ఎలాగూ ఉంది. ఈ మూడూ ఇంటి దగ్గర దొరికేవే. లోపాల్లో పెద్దవి తీరిపోతాయి.

వైద్యుడు: పెద్దవి తీరతాయి. పశువైద్యం చేసేవాళ్లెవరూ దీన్ని కాదనరు, మార్కెట్లో మిశ్రమం దొరకని చోట తవుడు, సున్నపురాయి పొడి, ఉప్పు అనే చెబుతారు. ఉప్పు విషయంలోనైతే రెండో మాట లేదు. గడ్డిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. సముద్రానికి దూరంగా మేసే మందకు ఉప్పు పెట్టకపోవడం తప్పే. చిక్కు మిగిలేది కంటికి కనిపించని మోతాదుల్లో. గొర్రెకు రోజుకు కావాల్సిన కోబాల్టు మిల్లీగ్రాములో పదోవంతు. ఆ పదోవంతు లేక న్యూజిలాండ్‌లో వేల ఎకరాలు గొర్రెలకు పనికిరాని భూములయ్యాయి.

రైతు: న్యూజిలాండ్ కథ పూర్తిగా చెబితే అది సహజ ఖనిజం గెలిచిన కథ. ఉత్తర దీవిలోని అగ్నిపర్వత నేలల మీద మోకాలెత్తు పచ్చిక ఉన్నా పశువులు చిక్కిపోయి, రక్తం తగ్గి చచ్చేవి. బుష్ సిక్‌నెస్ అనేవారు. ఆ మందలను కాపాడింది లిమొనైట్ అనే ఇనుప రాయి. దాన్ని పొడిచేసి ఉప్పుతో కలిపి నాకిస్తే పశువులు కోలుకున్నాయి. ప్రయోగశాల కోబాల్టు అనే మాట పలకడానికి ముందే, తవ్వి తీసిన రాయి ఆ పని చేసింది.

వైద్యుడు: చేసింది, ఎందుకు చేసిందో తెలియకుండా. ఇనుము లోపమే జబ్బనీ, రాయిలో ఉన్న ఇనుమే మందనీ ఏళ్ల తరబడి నమ్మారు. ఒక గని లిమొనైట్ పనిచేసేది, ఇంకో గనిది పనిచేసేది కాదు. శుద్ధమైన ఇనుప లవణం ఇస్తే పశువు అలాగే చిక్కిపోయేది. ఆస్ట్రేలియాలో అండర్‌వుడ్, ఫిల్మర్ అనే శాస్త్రవేత్తలు లిమొనైట్ నుంచి ఇనుమును తీసేసి మిగిలినదాన్ని గొర్రెలకు పెట్టి చూశారు. ఇనుము లేకపోయినా గొర్రెలు కోలుకున్నాయి. దాన్ని ఇంకా విడగొట్టుకుంటూ వెళ్తే 1935లో తేలింది: మందు కోబాల్టు. రాయిలో అది కల్తీగా, లేశమాత్రంగా ఉంది. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు బి12 విటమిన్ తయారు చేసుకోవడానికి కోబాల్టు కావాలన్న సంగతి 1948లో ఆ విటమిన్‌ను విడదీశాక స్పష్టమైంది. కోబాల్టు లేని లిమొనైట్‌ను నమ్ముకుని, సహజమైనదని పెట్టిన కాపరి మంద చచ్చింది. రాయి పనిచేయడం, పనిచేయకపోవడం అదృష్టం మీద ఆధారపడ్డంత కాలం దాన్ని మందు అనలేం.

రైతు: ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. కోబాల్టు అని తెలిశాక న్యూజిలాండ్ ప్రతి గొర్రె నోట్లోనూ మాత్ర వేస్తూ కూర్చోలేదు. సూపర్ ఫాస్ఫేట్‌లో కోబాల్టు కలిపి పచ్చిక మీద చల్లింది. నేలకిచ్చారు, గడ్డి తీసుకుంది, గొర్రె మేసింది. ఫిన్లండ్ కూడా 1980ల మధ్యలో ఎరువుల్లో సెలీనియం కలపడం మొదలుపెట్టింది. అక్కడి నేలల్లో సెలీనియం తక్కువ, ఆ లోపం పశువులతో ఆగక మనుషుల దాకా వచ్చింది. ఎరువుతో ఇచ్చాక గడ్డిలో, పాలలో, చివరికి మనుషుల రక్తంలో సెలీనియం పెరిగింది. ఏ ఖనిజం తక్కువో ప్రయోగశాల చెప్పనీ, ఇచ్చే దారి మాత్రం నేల మీదుగానే ఉండనీ. ఇందులో విజ్ఞానాన్ని కాదనడం ఏముంది?

వైద్యుడు: ఏమీ లేదు. మొదటి మాట నుంచి ఇక్కడికి రావడమే పెద్ద దూరం. ఇప్పుడు వాదన సహజమా, కృత్రిమమా అన్నది కాదు. న్యూజిలాండ్ చల్లింది ఫ్యాక్టరీ కోబాల్టు, ఫిన్లండ్ కలిపింది ఫ్యాక్టరీ సెలీనియం. దారి ఏది అన్నదొక్కటే మిగిలింది. ఆ దారి అన్ని ఖనిజాలకూ పనికిరాదు. ఫిన్లండ్ ఎరువు వేసే రైతులందరికీ ఒకే ప్రమాణం పెట్టగలిగింది. పంజాబ్‌లో నవాంశహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల్లో కొన్ని ఊళ్ల నేలల్లో సెలీనియం ప్రమాదకరమైనంత ఉంది, అక్కడి గడ్డి తిన్న పశువులకు గిట్టలూడిపోతాయి. ఒక జిల్లాలో విషం, ఇంకో జిల్లాలో లోపం. నేలకు వేసేది తిరిగి తీయలేం. దాణాలో వేసేది రేపటి నుంచి మానేయొచ్చు.

రైతు: దాణాలో వేసింది కూడా పోయేది నేలకే. మిశ్రమంలోని జింకు, రాగి ఎక్కువైతే ఆ ఎక్కువంతా పేడలో వస్తుంది. పందుల దాణాలో జింక్ ఆక్సైడ్‌ను మందుగా ఎక్కువ మోతాదులో వాడటాన్ని యూరోపియన్ యూనియన్ 2022 జూన్‌లో ఆపేసింది. ఆ పేడ వేసిన నేలల్లో జింకు పేరుకుపోవడం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. గాడిలో వేసినదానికి నేలతో సంబంధం లేదనుకోవడం కుదరదు. ఇక ఆ మోతాదైనా గాడి ఉన్న పశువుకే. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో కోటి 76 లక్షలు. దేశంలో మొదటి రెండు స్థానాలు ఈ రెండు రాష్ట్రాలవే. వీటిలో ఎన్నింటికి గాడి ఉంది? పొద్దున విప్పితే సాయంత్రం దొడ్డికి వచ్చే మందలో ఏ గొర్రె ఎంత తిన్నదో ఎవరు కొలుస్తారు? నాకడానికి ఖనిజాల ఇటుక కడితే బలమైన గొర్రె నాకుతుంది, బక్కది వెనకే నిలబడుతుంది.

వైద్యుడు: ఆ ఇబ్బంది నిజమైనది, దానికి తేలికైన జవాబు లేదు. ఉప్పు కలిపిన ఇటుక మీద గొర్రె ఎంతసేపు నాకుతుందన్నది ఉప్పు ఆకలి మీద ఆధారపడుతుంది, రాగి ఆకలి మీద కాదు. గొర్రెల విషయంలో ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి, ఊళ్లలో చాలామందికి తెలియనిది. ఆవులకు, గేదెలకు చేసిన ఖనిజ లవణ మిశ్రమం గొర్రెలకు పెట్టకూడదు. ఆవుకు సరిపోయే రాగి గొర్రెకు ఎక్కువ. గొర్రె కాలేయం రాగిని బయటికి పంపలేక వారాల తరబడి దాచుకుంటుంది, పైకి ఏమీ కనిపించదు. ఒకరోజు ఆ దాచిందంతా రక్తంలోకి వస్తుంది: కళ్లు పచ్చబడతాయి, మూత్రం ఎర్రగా ముదురు రంగులో పోస్తుంది, రెండు మూడు రోజుల్లో గొర్రె చస్తుంది. మళ్లీ రాగి చాలకపోతే పుట్టిన పిల్లల వెనక కాళ్లు తూలిపోతాయి. రెండు ప్రమాదాల మధ్య సందు చాలా ఇరుకు. అందుకే కొలత కావాలంటున్నది.

రైతు: సందు అంత ఇరుకైనప్పుడు అన్ని ఊళ్లకూ ఒకే సంచి ఎలా సరిపోతుంది?

వైద్యుడు: సరిపోదు. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, బెంగళూరులో 1995లో మొదలైన పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ ప్రాంతాల వారీగా గడ్డి, మట్టి, పశువుల రక్తం పరీక్షించి ఎక్కడ ఏది తక్కువో పటాలు గీసింది అందుకే. ప్రాంతానికో మిశ్రమం అన్నది ఆ పని నుంచి వచ్చిన ఆలోచన. లోపం లేని ఖనిజాన్ని డబ్బు పెట్టి కొని పేడలో పోయడం ఎవరికీ అక్కర్లేదు. ఊరి దుకాణంలో మాత్రం ఆ పటం కనిపించడం లేదు, ఒకే సంచి అన్ని జిల్లాలకూ వెళ్తోంది. ఇది ఒప్పుకోవాల్సిన లోటు.

రైతు: ఆ లోటున్నంత కాలం కాపరి పశువు నాలుకనే నమ్ముకుంటాడు. చౌడు నేల కనబడితే మంద ఆగి నాకుతుంది. ఇది ఊరికే చెప్పుకునే మాట కాదు. అమెరికాలో యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ ప్రొవెంజా బృందం గొర్రెల మీద చేసిన ప్రయోగాల్లో, కాల్షియం, భాస్వరం, సోడియం లోపం కల్పించిన గొర్రెలు ఏ మేత తింటే తేరుకున్నాయో గుర్తుపెట్టుకుని, మళ్లీ లోపం వచ్చినప్పుడు దానికేసి ఎక్కువ మొగ్గు చూపాయి.

వైద్యుడు: ఆ ప్రయోగాలు విలువైనవి. అయితే వాటిలో గొర్రె ముందు సరైన మేత పెట్టి, తిన్నాక తేరుకునే అనుభవం కల్పించారు. ఎంచుకోవడానికి ఏదీ లేని చోట ఆ నేర్పు పనికిరాదు. సోడియం కోసం వెతికే కోరిక పశువుకు పుట్టుకతోనే ఉంది. జింకు కోసం, కోబాల్టు కోసం అలాంటి కోరిక ఉన్నట్టు నమ్మదగ్గ రుజువు లేదు. ఈ నమ్మకం మీదే ఇప్పుడు పెద్ద వ్యాపారం నడుస్తోంది. గులాబీ రంగు హిమాలయ ఉప్పు దిమ్మలను డెబ్బై ఎనభై ఖనిజాలున్నాయని అమ్ముతున్నారు. అందులో దాదాపు అంతా మామూలు ఉప్పే, రంగు ఇనుము వల్ల వచ్చింది. మిగతావన్నీ ఉన్నా, పశువు రోజంతా నాకినా దాని అవసరంలో లెక్కకు రానంత ఉంటాయి. కూలి డబ్బుతో నాలుగు మేకలు పెంచుకునే మనిషి దగ్గర ఉప్పు రాయికి ఎక్కువ ధర తీసుకోవడం అన్యాయం.

రైతు: అన్యాయమే, దాన్ని వెనకేసుకురావాల్సిన అవసరం సేంద్రియ పద్ధతికి లేదు. ఆ పేరుతో అమ్మేదంతా ఆ పద్ధతి కాదు.

వైద్యుడు: అయితే ఇంకొకటి కూడా పక్కన పెట్టాలి: రాక్ ఫాస్ఫేట్. తవ్వి తీసిన భాస్వరపు రాయి, రసాయనం తగలనిది అని పశువులకు పొడిచేసి పెట్టేవాళ్లున్నారు. ఆ రాయిలో వందకు మూడు నాలుగు వంతులు ఫ్లోరిన్ ఉంటుంది. మిశ్రమాలకు భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 1664లో ఫ్లోరిన్‌కు గట్టి పరిమితి పెట్టింది అందుకే. దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ బోరు నీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడి గేదెల పళ్లు గారపట్టి అరిగిపోవడం, కీళ్లు బిగుసుకుపోవడం పశువైద్యులు చూస్తూనే ఉన్నారు. నీళ్లతోనే ఫ్లోరైడ్ తాగుతున్న పశువుకు సహజ ఖనిజమని ఫ్లోరైడ్ రాయి పెట్టడం కంటే ఘోరం ఉండదు. ఆ రాయిని ఆమ్లంతో శుద్ధి చేసి ఫ్లోరిన్ తగ్గిస్తేనే అది డైకాల్షియం ఫాస్ఫేట్‌గా పశువుకు పెట్టదగ్గది అవుతుంది. ఇక్కడ ఫ్యాక్టరీ పని పశువును కాపాడుతోంది.

రైతు: ఒప్పుకోవాలి. రాక్ ఫాస్ఫేట్ పశువుకు పెట్టేది కాదు. నేలకైనా అది ఆమ్ల నేలల్లోనే కరుగుతుంది, తెలంగాణ, రాయలసీమ నల్లరేగడిలో ఏళ్లు పడుంటుంది. పెంటలో కలిపి మాగబెడితే కొంత నయం. ఈ ఒప్పుకోలుతో నేల మార్గం కూలిపోదు. గట్టి రుజువున్నవి వేరే ఉన్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మెట్ట పొలాల మట్టి పరీక్షిస్తే ఊరి తర్వాత ఊరిలో గంధకం, బోరాన్, జింకు లోపాలు బయటపడ్డాయి. వేరుశనగకు ఊడలు దిగే సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ గట్టిపడుతుంది, గంధకం అందుతుంది. వరికి ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయమని వ్యవసాయ శాఖ ఎప్పటినుంచో చెబుతోంది. ఇవి పంట దిగుబడి కోసం చెప్పినవే గానీ, ఆ కట్టె, ఆ గడ్డి తినేది పశువే. రైతుకు గింజలో లాభం, గేదెకు మేతలో లాభం. ఏ సంచి ఈ రెండు పనులూ చేస్తుంది?

వైద్యుడు: ఏ సంచీ చేయదు. జింకు, గంధకం, భాస్వరం వరకు నేల మార్గం బలమైనదే. అందులోనూ మెలికలున్నాయి. డీఏపీ ఎక్కువై భాస్వరం పేరుకున్న పొలంలో జింకు మొక్కకు అందడం కష్టమవుతుంది. నేలలో మాలిబ్డినం ఎక్కువైతే గడ్డిలో రాగి సరిపడా ఉన్నా పశువుకు దక్కదు. ఇంగ్లండ్‌లో సోమర్‌సెట్ పచ్చికల మీద ఆవులు ఎడతెగని విరేచనాలతో చిక్కిపోవడానికి కారణం ఇదేనని 1930ల చివర్లో తేలింది. ఇక అసలు సమస్య: రైతు చేతిలో ఉన్న భూసార పరీక్ష కార్డులో పన్నెండు అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాల సాంద్రత, సేంద్రియ కర్బనం. కోబాల్టు, అయోడిన్, సెలీనియం, సోడియం అందులో లేవు. మొక్కకు అక్కర్లేనివి, పశువుకు ప్రాణమైనవి అవే. ఆ కార్డు చూసి పశువు లోపం చెప్పలేం.

రైతు: పశువు కోసం కాకపోయినా నేల కోసం చేసినవి పశువును చేరిన ఉదాహరణ ఈ ప్రాంతంలోనే ఉంది. మిషన్ కాకతీయ కింద 2015 నుంచి తెలంగాణ చెరువుల్లో పూడిక తీస్తే రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్ల మీద ఆ మట్టిని పొలాలకు తోలుకున్నారు. వందల ఏళ్లుగా గుట్టల నుంచి, పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు అది. బంకమట్టి, కర్బనం, వాటికి అంటుకుని ఉండే ఖనిజాలు తిరిగి పొలానికి వచ్చాయి, ఎర్ర చల్కలో తేమ నిలిచింది. లోతు మట్టి పైకి తెచ్చి వేసే పద్ధతికి ఆల్వాల్ రైతు చింతల వెంకటరెడ్డికి 2020లో పద్మశ్రీ వచ్చింది. గుప్పెడు చెరువు మట్టి అరచేతిలో పిసికితే అది జారదు, వేళ్ల మధ్య ముద్దగా నిలుస్తుంది. చల్క మట్టి ఇసకలా రాలిపోతుంది. ఖనిజాన్ని పట్టి ఉంచే శక్తి ఆ జిగటలోనే ఉంది. సంచిలోని పొడి నేలకు ఈ శక్తినివ్వదు.

వైద్యుడు: ఆ మట్టి ఏ చెరువుదన్నది కూడా చూడాలి. ఊరవతల చెరువు ఒండ్రు బంగారం, ఫ్యాక్టరీల దిగువ చెరువు ఒండ్రులో లోహాలుంటాయి. మూసీ వెంట మురుగు నీళ్లతో పెంచే పారాగడ్డి హైదరాబాద్ పాడి గేదెలకు ఏళ్లుగా మేతగా వస్తోంది. ఏపుగా, పచ్చగా, కోసిన కొద్దీ పెరిగే గడ్డి అది. నగరం వదిలిన లోహాల జాడ కూడా ఆ గడ్డి వెంట గేదెలోకి వస్తుంది. నేల, గడ్డి, పశువు అన్న గొలుసు మంచిని మోసినంత నమ్మకంగా చెడునూ మోస్తుంది. ప్రమాణం ప్రకారం చేసిన మిశ్రమంలో సీసానికీ, ఆర్సెనిక్‌కూ పరిమితి ఉంటుంది. పారాగడ్డి కట్టకు ఆ పరిమితి రాసేవాళ్లు లేరు.

రైతు: అందుకు తప్పు గొలుసుది కాదు, మురుగును నదిలోకి వదిలినవాళ్లది. నేలతో పశువుకున్న సంబంధం తెంపేస్తే మూసీ శుభ్రం కాదు. ఆ సంబంధం గుర్తుంటేనే మూసీని శుభ్రం చేయాల్సిన అవసరం పాలు తాగేవాళ్లకు అర్థమవుతుంది.

వైద్యుడు: ఆ మాటకు ఎదురు చెప్పలేం. అయితే నేల మార్గం ఎవరికి అందుబాటులో ఉందన్న ప్రశ్న మిగిలే ఉంది. జిప్సం వేసేది, చెరువు మట్టి తోలేది, అవిశ నాటేది పొలం ఉన్నవాళ్లు. గొర్రెల్లో చాలా భాగం పొలం లేని గొల్ల, కురుమ కుటుంబాలవి. 2012లో తెలంగాణలో గొర్రెలు కోటి 28 లక్షలు, ఏడేళ్లలో దాదాపు సగం పెరిగాయి. 2017లో ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. మేసే బంజరు మాత్రం పెరగలేదు, చాలా చోట్ల తగ్గింది. మంద ఉన్నవాడికి నేల లేదు. నేలను బాగుచేస్తే మంద బాగుపడుతుందని అతనికి చెబితే, అతను బాగుచేయాల్సింది ఎవరి నేల? ఒక ఇటుక, రాగి లేని గొర్రెల మిశ్రమం ఒక పొట్లం అతని చేతిలో పెట్టగలిగేవి. నేల బాగుపడే దాకా ఈ ఏడాది ఈనే గొర్రె ఆగదు.

రైతు: అతని చేతిలో ఇంకొకటి ఉంది, రాత్రి మంద. కోతలయ్యాక పొలంలో మంద కట్టిస్తే రైతు గింజలో, డబ్బులో చెల్లిస్తాడు. పగలంతా మేసినదాని సారం రాత్రి పొలంలో పడుతుంది. మంద కట్టించుకునే రైతులే ఆ కూలితో పాటు ఉప్పు, గొర్రెల ఇటుక కూడా ఇచ్చేలా ఒప్పందం చేసుకుంటే గొర్రెకు ఖనిజం అందుతుంది, గొర్రెకు మిగిలింది పొలానికి అందుతుంది. గాడి వాదనా, నేల వాదనా అక్కడ ఒకటవుతాయి.

వైద్యుడు: కాపరికీ రైతుకూ మంచి ఒప్పందమే, అది జరగాలి. లెక్క మాత్రం ఇంకా పూర్తి కాలేదు. పగలు మేసేది గుట్ట మీద, చెరువు శిఖంలో, రోడ్డు పక్క బంజరులో. రాత్రి వదిలేది పట్టా పొలంలో. ఏళ్ల తరబడి ఇలా జరిగితే బంజరులోని భాస్వరం, కాల్షియం ఎత్తి పొలంలో పోస్తున్నట్టే. వెనకటి రోజుల్లో మందలు తక్కువ, బంజరు ఎక్కువ కాబట్టి తెలియలేదు. ఇప్పుడు బంజరు పేదదవుతున్న కొద్దీ అక్కడ మేసే గొర్రెకు ఇటుక అవసరం పెరుగుతుంది. ఇటుకలోని ఖనిజం కూడా మళ్లీ పొలానికే పోతుంది.

రైతు: అయితే బంజరుకు కూడా తిరిగి ఇవ్వాలి. మంద కొన్ని రాత్రులు అక్కడా నిలవాలి, ఊరు తుమ్మ, జమ్మి నాటాలి, పంచాయతీ గడ్డి విత్తనం చల్లాలి.

వైద్యుడు: ముందు ఆ నేలలో ఏం తక్కువో తెలియాలి. భూసార పరీక్ష కార్డు సాగుచేసే రైతు పేరు మీద వస్తుంది. బంజరుకు పట్టాదారు లేడు, అక్కడి మట్టిని ఎవరూ పరీక్షకు పంపడం లేదు.